చెరకు రసం నుంచే నేరుగా శుద్ధ చక్కెర తీయవచ్చా?

ప్రశ్న: షుగర్ బీట్ దుంపల నుంచి ఒకే కర్మాగారంలో నేరుగా తెల్లని చక్కెర తీస్తారని, చెరకు నుంచి మాత్రం ముందు ముడి చక్కెర తీసి దానిని కరిగించి మళ్లీ శుద్ధి చేస్తారని చదివాను. రెండింటిలోనూ ఉన్నది సుక్రోజే కదా, ఈ తేడా ఎందుకు? చెరకు రసాన్నే నేరుగా శుద్ధి చేయలేమా?

జవాబు: చేయవచ్చు, కాని బీట్ రసంతో అయినంత సులువుగా కాదు. సుక్రోజ్ రెండింటిలోనూ ఒకటే అయినా, దానితోపాటు రసంలోకి దిగే ఇతర పదార్థాలు వేరు. సన్నగా తరిగిన బీట్ ముక్కలను సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో ఉంచి తీసిన రసంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చాలా స్వల్పంగా ఉంటాయి. అందువల్ల సున్నపు పాలను ధారాళంగా కలిపి, కార్బన్ డయాక్సైడ్‌ను పంపి, ఏర్పడిన కాల్షియం కార్బొనేట్‌తోపాటు మలినాలనూ వడకట్టివేయవచ్చు. ఆపైన మిగిలిన రంగు చాలావరకు స్ఫటికాల చుట్టూ ఉన్న పాకంలోనే ఉండిపోతుంది కనుక, సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిరిగి పాకాన్ని వేరుచేసే యంత్రంలో) తిప్పుతూ కొద్దిపాటి నీటితో కడిగితే పోతుంది.

చెరకు రసంలో అంత సున్నం కలపడం కుదరదు. అందులో ఎక్కువగా ఉండే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సున్నం వల్ల క్షారంగా మారిన వేడి రసంలో విచ్ఛిన్నమై ముదురు రంగు పదార్థాలుగా మారతాయి. పైగా చెరకులోని ఫినాల్ జాతి పదార్థాలు, పిండి పదార్థం, జిగురు కూడా రసంలో చేరతాయి. అసలు చిక్కు ఏమిటంటే, స్ఫటికం పెరుగుతున్నప్పుడే ఈ రంగులో కొంత దాని లోపలికి చేరిపోతుంది. అది పైపైన కడిగితే పోయేది కాదు, స్ఫటికాన్ని కరిగించి, రంగు తీసి, మళ్లీ స్ఫటికీకరించవలసిందే. శుద్ధి అనే రెండో దశ అవసరమైంది ఇందుకే.

రసంలోకి గంధక ధూమాన్ని (సల్ఫర్ డయాక్సైడ్‌ను) పంపి మిల్లులోనే తెల్ల చక్కెర తీసే పద్ధతి పాతదే. అయితే దానిని శుద్ధ చక్కెరతో సమానంగా చూడడం సరికాదు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు ఇలాంటి మిల్లు చక్కెరలో కిలోకు 70 మిల్లీగ్రాముల వరకు సల్ఫర్ డయాక్సైడ్‌ను అనుమతించగా, శుద్ధి చేసిన తెల్ల చక్కెరకు పరిమితి 15 మిల్లీగ్రాములే.

నేరుగా శుద్ధి చేయడానికి నేడు ఉన్న గట్టి మార్గం అతిసూక్ష్మ పొరల వడపోత. అది జిగురును, పిండి పదార్థాన్ని, తేలియాడే రేణువులను ఆపుతుంది గాని, చిన్న అణువులుగా ఉన్న రంగు దాటిపోతుంది. దానిని అయాన్ మార్పిడి రెజిన్లతో, అంటే రంగును పట్టి ఉంచే సన్నని పూసల్లాంటి పదార్థంతో, తీయాలి. పొరలు తరచు పూడుకుపోవడం, రెజిన్లను శుభ్రపరచిన ఉప్పునీటిని వదిలించుకోవలసి రావడం ఇక్కడి ఇబ్బందులు. కోసిన చెరకు త్వరగా సుక్రోజ్‌ను కోల్పోతుంది కనుక మిల్లు కోతల కాలంలోనే నడుస్తుంది. అంత ఖరీదైన యంత్రాలు మిగతా నెలల్లో ఖాళీగా ఉండాలి. నిల్వ ఉంచిన ముడి చక్కెరతో నడిచే రిఫైనరీకి (శుద్ధి కర్మాగారానికి) ఆ ఇబ్బంది లేదు.

శుద్ధ చక్కెరే కావాలనుకునే మిల్లుకు, నా అభిప్రాయంలో, ఆ ఆవరణలోనే రిఫైనరీని చేర్చి తన ముడి చక్కెరను తానే కరిగించుకోవడం ఇప్పటికి ఎక్కువ నమ్మదగిన దారి. అందుకు కావలసిన ఆవిరిని పిప్పిని మండించి పొందవచ్చు.