డ్యూటీలో చేరబోయే అమ్మడికి

అమ్మడూ,

నిన్న సాయంత్రం ప్రార్థన కూడిక నుంచి వచ్చేసరికి మీ అమ్మ ఫోను. నువ్వు ఐసీయూ ఉద్యోగం వదిలేసి, ఇక నయం కాదని తేలిన క్యాన్సర్ రోగుల వార్డులో చేరుతున్నావట. "నువ్వైనా చెప్పక్కా, రోజూ చావులు చూస్తా ఎట్టా బతుకుద్ది ఇది" అని ఒకటే ఏడుపు. చెబుతాలే అన్నా. కానీ వద్దని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ముప్పై ఒక్క ఏళ్లు నర్సు పని చేసినదాన్ని, అయినా రాత్రంతా నిద్ర లేదు. సగం భయం, సగం గర్వం.

ముందు మామూలు సంగతులు. అన్నం తినే డ్యూటీకి పో. ఆస్పత్రి చెప్పులు గదిలోకి తేమాక. మార్ఫిన్ పేరెత్తితే ఇంటివాళ్లు హడలిపోతారు. కొలత ప్రకారం ఇస్తే అది నొప్పి తీసే మందేనని ఓపిగ్గా చెప్పు, మొదలుపెట్టిన రోజే మలబద్ధకానికీ మందు రాయించు. మింగలేని మనిషి నోట్లో గంజి పోస్తుంటే ఆపు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి దూదితో పెదాలు తడపమను చాలు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు.

నీకు తెలియంది మీ తాతయ్య సంగతి.

నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మంట చూసే మనిషి. మంచాన పడిన ఏడు కూడా పని మానలేదు. ఆకు జిగురుకు గోళ్ల అంచులు నల్లగా ఉండేవి. ఒక మధ్యాహ్నం ఆ గోళ్లు తీస్తున్నా. "అమ్మాయ్, భయమేస్తోంది. నన్ను పెట్టేటప్పుడు మీ అమ్మ..." అన్నాడు. నేను పూర్తి చెయ్యనిస్తేగా! "సంఘపెద్దవి, ఆ మాటలేంది నాన్నా" అని గదమాయించి, బైబిలు తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టా. ఆయన మెల్లగా చెయ్యి లాక్కుని దుప్పటి కింద పెట్టుకున్నాడు. మూడు గోళ్లు తీశా, రెండు అట్టాగే ఉండిపోయాయి. ఆ తర్వాత పదకొండు రోజులున్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

గుంట ఎక్కడ తవ్వాలని అడిగితే, సమాధుల తోట గేటు దగ్గర ఖాళీ ఉందిగా, అక్కడే అన్నా. ఏడాది తిరిగాక నాన్న స్నేహితుడొకాయన అమ్మ సమాధి పక్క జాగా చూపించి, "ఇది నాదేరా అనేవాడమ్మా మీ నాన్న" అన్నాడు. అప్పటికే అక్కడ ఇంకొకరిని పెట్టేశారు. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని తోటకు పోతాం చూడు, అమ్మ దగ్గర ఒకటి వెలిగించి నాన్న దగ్గరికి నడుస్తా. ముప్పై నాలుగు అడుగులు. ప్రతి ఏడూ లెక్కపెడతా.

ఆ రోజు నిజంగా భయపడింది నేనే. వచనం చాటున దాక్కున్నా. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధికి పోయే ముందు కన్నీళ్లు విడిచాడే, ఒకరి నోరు మూయించడానికి మనమెవరం? రోగి భయమంటే, కుర్చీ దగ్గరికి లాక్కుని "ఏమని భయం?" అని అడుగు. ప్రార్థన ఆ తర్వాత చెయ్యొచ్చు, ఆయన చెయ్యమంటే.

నీ బాప్తిస్మం గుర్తుందా? గుండ్లకమ్మలో ముంచగానే నా వైపు చెయ్యి చాచావు. నీళ్లలోకి పోవడం క్రీస్తుతో పాతిపెట్టబడటం, పైకి రావడం ఆయనతో లేవడం అని పాస్టరు గారు చెప్పారు. అదే ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అంతకుముందు రెండేళ్ల కరువు చూసినవాళ్లు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఒప్పుకున్న బకింగ్‌హామ్ కాలువ పనిలో మట్టి మోసినవాళ్లు వాళ్లలో ఎందరో. చావంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పాలా? తెలిసే దిగారు. నువ్వూ ఆ నీళ్లలో మునిగి లేచినదానివే తల్లీ, ఆ మంచాల పక్కన కూర్చోగలవు.

ఎవరన్నా పోయిన రాత్రి ఒక్కదానివే గదిలో ఉండమాక, నాకు ఫోన్ చెయ్యి. రెండింటికైనా సరే, ఎత్తుతా. నైటు డ్యూటీ దిగి తెల్లారక ముందు ఆటో ఎక్కావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

క్రిస్మస్‌కు వస్తావుగా. నాకోసం తోటలో చోటు చూసుకున్నా, అమ్మకూ నాన్నకూ మధ్య దారిలో, వేపచెట్టు కింద. మీ అమ్మకు చూపిద్దామంటే చెవులు మూసుకుంటోంది. నువ్వొస్తే చూపిస్తా.

మీ పెద్దమ్మ
ఒంగోలు