సలారియా గురించి మాట్లాడేముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

జనవరి 26న బడిలో కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారని రాశావు. నువ్వు పంపిన కాగితం చదివాను. 'భరతమాత ముద్దుబిడ్డ' అని మొదలుపెట్టావు. కొట్టెయ్. ఆ మాట నీ పక్కనవాడు కూడా తన ప్రసంగంలో వాడతాడు.

ఛాతీ దగ్గర మొదలుపెట్టు. బెంగళూరు మిలటరీ స్కూల్లో చేరబోతే ఛాతీ అంగుళం తక్కువుందని మొదటిసారి తీసుకోలేదు. కొన్నాళ్లు కసరత్తు చేసి మళ్లీ వెళ్లి, కొలత సరిపెట్టుకుని 1946లో చేరాడు. అప్పటికి పదకొండేళ్లు కూడా నిండలేదు. మీ ఆరో తరగతి పిల్లలు చెవులు రిక్కించేది అక్కడే.

తర్వాత ఆఫ్రికాలోని కాంగో. అక్కడికి ఎందుకు వెళ్లాడో చెప్పకుండా దాటెయ్యకు. నేనొకసారి మా ఊరి బడిలో ఊపులో 'శత్రుదేశంతో పోరాడి' అనేశాను. "ఏ దేశం తాతగారూ?" అని ఒక పాప లేచి అడిగింది. నోట మాట రాలేదు. అక్కడ మనకు శత్రుదేశమంటూ ఏదీ లేదు మరి! 1960 జూన్ 30న బెల్జియం నుంచి కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే, రాగి గనులున్న కటాంగా రాష్ట్రం విడిపోతున్నానంది. ఐక్యరాజ్యసమితి పంపిన శాంతి సేనలో మనవాళ్లూ వెళ్లారు.

1961 డిసెంబర్ 5. ఊరు ఎలిజబెత్‌విల్, ఇప్పటి లుబుంబాషి. విమానాశ్రయం దారికి కటాంగా జెండార్మ్‌లు, అంటే దాని సాయుధ బలగం వాళ్లు, అడ్డం కట్టారు. మన పెద్ద దళం ఎదురుగా వెళ్లి కొట్టాలి, సలారియా 16 మందితో వాళ్లు పారిపోయే దారి మూయాలి. తీరా అతనికే 90 మంది తగిలారు, రెండు సాయుధ వాహనాలతో. రాకెట్ లాంచర్‌తో వాహనాల పని పట్టి, తన గోర్ఖా సైనికులతో కలిసి కుక్రీలు, అంటే వాళ్ల వంపు కత్తులు, దూసి మీద పడ్డాడు.

నా గోర్ఖా దోస్తు ఒకడు కుక్రీ చేతికిచ్చి చూడమన్నాడు. మూరెడు కూడా ఉండదు. దానితో కొట్టాలంటే ఎదుటివాడు చేతికందేంత దగ్గర ఉండాలి. పిల్లలకు ఆ దూరం చెయ్యి చాపి చూపించు, అర్థమవుతుంది. కటాంగావాళ్లు 40 మంది పడిపోయారు, మిగతావాళ్లు పారిపోయారు. మెడలో తూటాలు దిగినా, సొమ్మసిల్లి పడేదాకా సలారియా ఆగలేదు. అక్కడ నువ్వు కాస్త ఆగు. అతనికి 26 ఏళ్లు నిండి ఆరు రోజులే అయిందని చెప్పు. గొంతు పెంచకు.

చనిపోయేముందు అతనేదో అన్నాడని రాశావు, ఎక్కడ విన్నావురా? తీసెయ్. అతని నోట్లో మన మాటలు పెట్టకూడదు.

పరమవీర చక్ర సంగతి ఒక్క వాక్యంలో చాలు. శాంతి సేనలో పనిచేస్తూ అది పొందింది అతనొక్కడే అని చెప్పడం మాత్రం మర్చిపోకు.

అన్నట్టు, మొన్న ఫోన్లో 'సలేరియా' అన్నావు. ఆదివారం మళ్లీ చెయ్, మొత్తం చదివి వినిపించు.

మీ పెద్ద మామయ్య