ఉత్త మట్టి చూసి పాతకాలం చెప్పడం ఊహ కాదు, మా సంపు గుంతలో కళ్లారా చూశాను

"తవ్వకాల్లో నగో నాణెమో దొరికితే సరే, ఉత్త మట్టి చూసి ఇక్కడ పాక ఉండేదని ఎలా చెబుతారు, అదంతా ఊహే కదా?" అని ఒకరు అడిగారు. ఊహ కాదండీ. నన్నడిగితే నాణెం కన్నా మట్టినే ఎక్కువ నమ్మాలి.

మేముండేది చెన్నైలో, పల్లావరం దగ్గర. మూడేళ్ల కిందట ఇంటి వెనక సంపుకి గుంత తవ్వించాం. శ్రీకాకుళం మేస్త్రి, ఆయన తమ్ముడు తవ్వారు. నాలుగడుగులు దిగాక మేస్త్రి పని ఆపి "సార్, ఇలా రండి" అని పిలిచాడు. గోడంతా ఎర్రమట్టి. అందులో ఒకచోట జానెడు వెడల్పు నల్లటి చార నిటారుగా రెండడుగులు దిగి, కింద సన్నబడి ఆగిపోయింది. చెంబుతో నీళ్లు చల్లితే రంగు ఇంకా తేటగా కనిపించింది. ఎర్రమట్టి గునపానికే లొంగడం లేదు, ఈ నల్లదేమో వేలు పెడితే పొడిపొడిగా రాలింది. "ఇక్కడ గుంజ పాతారు సార్, కర్రని చెదలు తినేసింది, ఆ ఖాళీలోకి పైమట్టి దిగింది" అన్నాడు. పైన అడుగు మందాన రబ్బీసు ఉంది కదా, చార దాని కిందే మొదలైంది, అంటే రబ్బీసు పోసేనాటికే ఆ గుంజ లేదు. ఎదురు గోడలో అలాంటిదే ఇంకోటి. సాయంత్రం పక్కింటి పాట్టిని, అంటే తమిళ అవ్వని అడిగితే, ప్లాట్లు వేయకముందు అక్కడ ఆవుల కొట్టం ఉండేదని, తను కాపురానికొచ్చిన కొత్తలో పాలు అక్కడే పోయించుకునేదని చెప్పింది.

పురావస్తు వాళ్లు చేసేదీ ఇదే, కాకపోతే గునపం బదులు తాపీతో గీకుతారు. ఒకసారి తవ్విన నేల ఎన్నేళ్లయినా మళ్లీ మొదటిలా కూడుకోదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పాతకాలపు పేడ కుప్పలు కాలి ఏర్పడిన బూడిద దిబ్బ తవ్వితే నాలుగు వేల ఏళ్లు దాటిన పశువుల దొడ్డి బయటపడింది, గుంజల గుంతలే కాదు, పశువుల గిట్టల అచ్చులు కూడా!

నా బాధల్లా ఏంటంటే, 1863 మే 30న బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాతి చేతిగొడ్డలిని గుర్తించింది ఈ పల్లావరంలోనే, కంకర తవ్విన గుంతలో. మన దేశంలో పాతరాతియుగం మనుషులు ఉన్నారని తెలిసింది దాంతోనే. అలాంటి ఊళ్లో మా వీధి చివర అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి జేసీబీ పెట్టి ఒక్క పూటలో తవ్వేశారు, మట్టంతా టిప్పర్లలో పోయింది, ఒక్కరు కూడా ఆ గోడల వంక చూడలేదు. ఇంకొందరు ఎక్కడో దొరికిన రాయి తెచ్చి షోకేసులో పెట్టుకుంటారు, ఎంత లోతులో దొరికింది, చుట్టూ ఏ మట్టి ఉంది అంటే చెప్పలేరు. తిరువళ్లూరు జిల్లా అత్తిరంపాక్కంలో ఒక రకం రాతి పనిముట్లు దాదాపు 3,85,000 ఏళ్ల నాటివని 2018లో తేల్చారు, ఆ లెక్క చెప్పింది వాటి చుట్టూ ఉన్న మట్టి రేణువులే. అవి చివరిసారి వెలుతురు చూసి ఎంతకాలమైందో ల్యాబులో కొలుస్తారు. అందుకే శాంపిల్‌కి వెలుతురు తగలకుండా గొట్టం దిగ్గొట్టి తీస్తారు. రాయిని పీక్కొచ్చేస్తే ఇంక కొలవడానికి ఏం మిగిలింది?

మా సంపులో కాంక్రీటు పడకముందు గోడకి టేపు ఆనించి నాలుగు ఫొటోలు తీసుకున్నాను. పాట్టికి చూపిస్తే చాలాసేపు చూసి, ఎర్రావుని కట్టేసింది ఈ గుంజకే అయ్యుంటుంది అంది.