మొదటి ఆప్షన్‌గా ఏది పెట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. విశాఖపట్నం కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదవాలని తన కోరిక. రాని సీటును మొదట పెడితే మిగతావి కూడా చేజారతాయని, తప్పక వచ్చేదాన్నే ముందు పెట్టమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, విజయనగరం జిల్లా

జవాబు: మీ బంధువుల భయానికి ఆధారం లేదు. సీట్ల కేటాయింపు ర్యాంకుల వరుసలో జరుగుతుంది. మీ అమ్మాయి వంతు వచ్చినప్పుడు తను ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో ఇచ్చిన ఆప్షన్లను, అంటే కోరుకున్న కాలేజీ, బ్రాంచిల వరుసను, పైనుంచి కిందికి పరిశీలించి, రిజర్వేషన్, స్థానికత నిబంధనల ప్రకారం అందుబాటులో ఉన్న మొదటి సీటును కేటాయిస్తారు. కంచరపాలెం రాకపోతే రెండో ఆప్షన్‌ను అప్పుడే చూస్తారు గనుక, తన కన్నా వెనుక ర్యాంకు వారు ఈలోగా దాన్ని తన్నుకుపోవడం జరగదు. అసలు నష్టం మీ బంధువులు చెప్పిన పద్ధతిలోనే ఉంది: తప్పక వచ్చేదాన్ని ముందు పెడితే అదే ఖాయమవుతుంది, కంచరపాలెంలో సీటు మిగిలి ఉన్నా అటువైపు చూడరు.

గత ఏడాది ఏ సీటు ఏ ర్యాంకు వరకు వచ్చిందో చెప్పే చివరి ర్యాంకుల జాబితా ఆప్షన్ల వరుసను మార్చడానికి కాదు, ఎంత కిందివరకు ఆప్షన్లు పెట్టాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది. అందులో మీ కేటగిరీలో అమ్మాయిల గడినే చూడండి. ముందుగా కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ కాగితం మీద రాసుకోండి. ఎలక్ట్రానిక్స్‌కు ఈసీ, ఎలక్ట్రికల్‌కు ఈఈ కావడంతో ఒక్క అక్షరం తేడాతో బ్రాంచే మారిపోతుంది. తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాలనుకుంటే ఆ పరీక్షలో 200 మార్కులకు 100 డిప్లొమా బ్రాంచి నుంచే వస్తాయి కాబట్టి, ఈ తేడా చిన్నదేమీ కాదు.

కౌన్సెలింగ్ పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకండి. ‘మేమే ఆప్షన్లు పెట్టిస్తాం’ అంటూ ఇంటికి వచ్చే కాలేజీ ప్రతినిధులు పెట్టేది వాళ్ల కాలేజీనే.

మొదటి విడతలో వేరే సీటు వచ్చి, రెండో విడతలో మళ్లీ ప్రయత్నించాలనుకుంటే, చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మెరుగనుకున్నవే పెట్టండి. కొత్త సీటు కేటాయించగానే పాతది రద్దయి మరొకరికి వెళ్తుంది. తిరిగి కావాలన్నా ఇవ్వరు.