స్లాబ్ మీదికి ల్యాప్‌టాప్ ఎందుకు?

ప్రశ్న: అన్నా, నేను హన్మకొండ దగ్గర అపార్ట్‌మెంట్ సైట్ల ఇంజనీర్‌గా చేస్తున్న. డ్రాయింగులన్నీ ల్యాప్‌టాప్‌లనే ఉన్నయ్, స్లాబ్ మీదికి తీస్కపోతే ఎండకు స్క్రీన్ కనవడ్తలేదు, ఫ్యాన్ ఒకటే మోత, కొద్దిసేపటికే బంద్ అయితది. రగ్గడ్ ల్యాప్‌టాప్ (దుమ్ముకు, నీళ్లకు తట్టుకునే గట్టిది) కొనుమంటున్నరు, రేటు చూస్తే భయమైతంది. ఏం చెయ్యాలె?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, ముందుగాల దాన్ని పైకి ఎక్కించుడు ఆపు. మామూలు ల్యాప్‌టాప్‌లు చాలామటుకు 35 డిగ్రీల దాక నడిచేటట్టే చేస్తరు, మన వరంగల్ మే నెల ఎండ 40 దాటుతది, కింద కాంక్రీటు సెగ వేరే. వేడెక్కితే ప్రాసెసర్ తనే స్పీడ్ తగ్గించుకుంటది, ఇంకా ఎక్కువైతే లోపల కాలకుండ ఆఫ్ అయితది.

అసలు గండం సిమెంట్ దుమ్ము. ఫ్యాన్ గాలితోటి పాటు దాన్ని లోపలికి గుంజుతది, ఇంట్ల దుమ్ము దులిపితే పోతది గని సిమెంట్‌కు చెమ్మ తాకిందంటే గట్టిపడి హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే రేకులు) సందులల్ల అట్లనే పట్టుకుంటది, అందుకే తడిగుడ్డ పెట్టకు, మెత్తటి బ్రష్షుతోటి పొడిగనే తుడువు. కాంక్రీట్ కలిపే మిల్లర్ కాడ సిమెంట్ బస్తాలు కోస్తుంటే ల్యాప్‌టాప్ మూతే తియ్యకు.

నా మాటైతే ల్యాప్‌టాప్ సైట్ ఆఫీసులనే ఉండాలె, పైకి ఫ్యాన్ లేని ట్యాబ్ చాలు, మందం కవర్ ఏసి పీడీఎఫ్‌లు పెట్టుకో. మామూలు స్క్రీన్ల వెలుగు 250, 300 నిట్స్ ఉంటది, ఎండల సక్కగ కనవడాల్నంటే 800 పైన కావాలె, లేదంటే నీడ వెతుక్కోవుడే. సెల్లార్‌ల సిగ్నల్ రాదు కాబట్టి ఫైళ్లు ముందే డౌన్‌లోడ్ చేస్కో.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న, డ్రాయింగు కొత్త రివిజన్ (మార్చిన కాపీ) రాంగనే ట్యాబ్‌లకెళ్లి పాతది తీసెయ్యి. ఆర్2 (రెండో రివిజన్) చూసి కాలమ్ రాడ్లు కట్టించినంక ఆర్3ల ఇంకో నాలుగు ఎక్కువున్నయంటే, కాంక్రీట్ పడ్డంక ఏం చేస్తవ్? కట్టుడు మొదలయ్యే ముందు మేస్త్రికి రివిజన్ నంబర్, తేదీ సూపెట్టు.

వెల్డింగ్ మిషన్ నడిచే లైన్‌కే ఛార్జర్ పెట్టకు, వోల్టేజ్ ఎగిరిపడతది, యూపీఎస్ నుంచి తీస్కో.

రగ్గడ్‌ది దండగ అనను, రోడ్డు పనులల్ల పొద్దంత బయటనే ఉండేటోళ్లకు అది కావాలె. కొంటే ఐపీ65 అనే రేటింగ్ ఉందా చూడు, అండ్ల 6 అంటే దుమ్ము లోపలికి పోదని, 5 అంటే పైపు నీళ్లు చిమ్మినా తట్టుకుంటదని. పోర్టులకు రబ్బరు మూతలు ఉంటయ్, అవి గట్టిగ మూసి ఉన్నప్పుడే ఆ రేటింగ్ పనిచేస్తది.