క్రిస్మస్ బోనస్‌తో అప్పు తీర్చాలా, కుమ్మరి సారె కొనాలా?

ప్రశ్న: నా వయసు 26. జర్మనీలోని వెస్టర్వాల్డ్ ప్రాంతంలో, కుండలు, కప్పులు చేసే ఒక చిన్న వర్క్‌షాప్‌లో ఆస్‌బిల్డుంగ్ (జీతంతో కూడిన వృత్తి శిక్షణ) చేస్తున్నాను. 2024 సెప్టెంబర్‌లో చేరాను, ఇప్పుడు రెండో ఏడాది. నెలకు 766 యూరోలు ఇస్తారు, చేతికి 600 వస్తాయి. శనివారాలు బేకరీలో చేస్తే ఇంకో 420. ఖర్చులు, ఊళ్లో అప్పుకి కట్టే వడ్డీ కలిపి 760 దాకా అవుతాయి. బ్యాంకులో 1,100 యూరోలు ఉన్నాయి. ఇక్కడికి రావడానికి నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చారు, అసలు అలాగే ఉంది. ఈ 2025 క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలూ మార్కెట్ స్టాల్‌లో నిలబడాలని మా మాస్టర్ అడిగారు. 300 యూరోలు బోనస్ ఇస్తానన్నారు. రోజంతా తడి మట్టి, ఆ పైన చలి. వేళ్ల చివర్లు పగిలిపోయి కప్పుని కాగితంలో చుట్టడం కూడా కష్టంగా ఉంది. ఈ డబ్బు ఇంటికి పంపాలా? వాయిదాల్లో పాత ఎలక్ట్రిక్ సారె ఒకటి 650 యూరోలకు వస్తోంది, అది కొననా? లేక క్రిస్మస్‌కి ఇంటికి వెళ్లిపోనా? టికెట్ 850 అంటున్నారు. నేను చేసిన గిన్నెలు ఆన్‌లైన్‌లో అమ్ముకోమని ఫ్రెండ్స్ చెబుతున్నారు, అది కూడా చెప్పండి.

జవాబు: మీరు అంకెలన్నీ రాశారు కాబట్టి నా పని తేలికైంది. మీరు బోనస్ ఎలా వాడాలని అడిగారు గానీ, మీ ఉత్తరంలో అసలు విషయం బోనస్ కాదు, ఆ రెండు రూపాయల వడ్డీ. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆదివారాల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అవి ఇప్పటికే మొదలైపోయాయి.

జర్మనీ వృత్తి శిక్షణ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఉన్న గంటలకు మించి పనిచేయిస్తే దానికి విడిగా డబ్బు ఇవ్వాలి, లేదా అన్ని గంటల సెలవు ఇవ్వాలి. డబ్బు ఎంత అన్నది చట్టం చెప్పదు. మీ 766ని నెలకు 173 గంటలతో భాగిస్తే గంటకు 4 యూరోల 43 సెంట్లు. నాలుగు ఆదివారాలు ఎనిమిదేసి గంటలు నిలబడితే 142 యూరోలు, అందులోంచి మళ్లీ బీమాల కోత. బేకరీలో అదే గంటకు 2025 కనీస వేతనం 12.82. అంటే స్టాల్ గంటలను డబ్బుగా తీసుకోవడం మీకు చాలా నష్టం. సెలవుగా తీసుకోండి. 32 గంటలంటే నాలుగు పని దినాలు. జనవరిలో ఎలాగూ ఆర్డర్లు తగ్గుతాయి కాబట్టి మాస్టర్‌కి కూడా సెలవు ఇవ్వడమే సులువు. ఆయన తనంతట తాను గంటకు పది, పన్నెండు ఇస్తానంటే అప్పుడు సంతోషంగా డబ్బే తీసుకోండి.

ఏ రోజు ఎన్ని గంటలు నిలబడ్డారో నోటుబుక్‌లో రాసి, వారం వారం ఆయన చేత సంతకం పెట్టించుకోండి. ఆయన మీద అనుమానంతో కాదు. మార్కెట్ సందడిలో ఎవరికీ లెక్క గుర్తుండదు, ఫిబ్రవరిలో అడిగితే మాటా మాటా వస్తుంది. ఇంకో మాట: సోమవారం నుంచి శుక్రవారం దాకా మట్టి, శనివారం బేకరీ, ఆదివారం స్టాల్ అంటే మీకు సెలవు రోజే లేదు. ఆదివారం పనిచేయిస్తే రెండు వారాల లోపు బదులుగా ఒక విశ్రాంతి రోజు ఇవ్వాలని అక్కడి చట్టం. అడగండి. లేదంటే ఒకటి రెండు శనివారాలు బేకరీ మానేయండి. పగిలిన వేళ్లకి ఇన్ఫెక్షన్ వస్తే సారె మీద చేయి పెట్టలేరు, మీ పనికి అదొక్కటీ చాలు ఆగిపోవడానికి.

బోనస్ 300 అన్నారు గానీ చేతికి 235 దాకా వస్తుందనుకోండి. ఆరోగ్య, పెన్షన్ బీమాలకు దాని మీద కూడా కోత పడుతుంది. ఆదాయపు పన్ను మాత్రం మీకు పడకూడదు, 2025లో 12,096 యూరోల దాకా పన్ను లేదు, మీ శిక్షణ జీతం ఏడాదికి అందులో ముప్పావు వంతు దాకానే. డిసెంబర్ పే స్లిప్‌లో పన్ను కోసినట్టు కనిపిస్తే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి. బోనస్ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టమనే కాగితం కూడా చదవండి. వంద యూరోలు దాటిన బోనస్‌కి, మార్చి 31 లోపు మానేస్తే తిరిగి ఇవ్వాలనే షరతు పెట్టొచ్చు. మీరు వర్క్‌షాప్ మారే ఆలోచనలో ఉంటే ఈ డబ్బు ఇంకా మీది కానట్టే.

సారె కొనొద్దు. మీ చేయి వేగంగా ముందుకెళుతున్న వయసులో ఇంట్లో సొంత సారె ఉండాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. కానీ అద్దె గదిలో సారె అంటే బురద నీళ్లు సింకులో పోయడం, అది పూడుకుపోవడం, ఇంటి యజమానితో గొడవ. పైగా చేసినవి కాల్చడానికి మళ్లీ మాస్టర్ బట్టీకే రావాలి. శిక్షణకీ పరీక్షలకీ కావాల్సిన పనిముట్లు, మట్టి ఉచితంగా ఇవ్వడం యజమాని బాధ్యత అని చట్టంలోనే ఉంది. వర్క్‌షాప్ మూశాక వారానికి రెండు సాయంత్రాలు అక్కడి సారె వాడుకుంటానని అడగండి. ఇక వాయిదాలు. ఒక్కటి తప్పినా, నోటీసుల దాకా పోతే షూఫా (అక్కడ అందరి అప్పులు, చెల్లింపుల చరిత్ర నమోదు చేసే సంస్థ) రికార్డులో మచ్చ పడుతుంది. శిక్షణ అయ్యాక వేరే ఊళ్లో ఇల్లు వెతుక్కునేటప్పుడు ప్రతి యజమానీ అడిగే కాగితం అదే.

గిన్నెలు అమ్మడం గురించి మాత్రం గట్టిగానే చెబుతున్నాను: మీ పేరు మీద వద్దు. శిక్షణ వీసా మీద వారానికి 20 గంటల దాకా ఇంకొకరి దగ్గర ఉద్యోగం చేయొచ్చు. సొంతంగా అమ్ముకోవడం ఉద్యోగం కాదు, వ్యాపారం. దానికి విదేశీయుల కార్యాలయం విడిగా అనుమతి ఇవ్వాలి. పది గిన్నెల కోసం నివాస అనుమతితో చెలగాటం ఎందుకు? పైగా మట్టి, గ్లేజ్ (మెరుపు పూత), కరెంటు మీ మాస్టర్‌వైతే ఆ గిన్నెలు కూడా ఆయనవే. చిన్న లోపాలున్న మీ గిన్నెల్ని స్టాల్‌లో ఒక మూల పెట్టి ఆయనే అమ్మి, మీకు జీతంలో కలిపి ఇచ్చే పద్ధతి ఏమైనా కుదురుతుందేమో మాట్లాడండి. తోటివాళ్లకి క్రిస్మస్ బహుమతి ఇవ్వాలనుకుంటే దానికి కూడా అలాంటి కప్పే ఒకటి అడిగి తీసుకోండి, కొన్నదానికన్నా బాగుంటుంది.

ఇప్పుడు అప్పు. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షలకి నెలకు 6,000 రూపాయలు. లెక్క సులువుగా ఉండటానికి యూరో వంద రూపాయలనుకుంటే 60 యూరోలు. వడ్డీ తప్పకుండా కడుతున్నారు కాబట్టి అందరూ ప్రశాంతంగా ఉన్నారు, అసలు మాత్రం కదలలేదు. ఈ అప్పు ఇలాగే నడిస్తే మూడేళ్ల శిక్షణ పూర్తయ్యేసరికి 2,16,000 వడ్డీయే అవుతుంది.

డిసెంబర్ జీతం, బేకరీ, బోనస్ కలిపి 1,255 వస్తాయి. ఖర్చులు 760, పండగ పేరుతో ఇంకో 60 వేసుకోండి. 435 మిగులుతాయి. ఇప్పటికే ఉన్నవాటితో కలిపితే 1,535. అందులోంచి 500 ఇంటికి పంపి అసలులో జమ చేయించండి. పంపేటప్పుడు ఫీజు ఒక్కటే కాదు, ఆ రోజు యూరోకి చేతికి ఎన్ని రూపాయలిస్తున్నారో చూడండి, కొందరు ఫీజు సున్నా అని రేటులో కోస్తారు. మిగతా 1,035 కదపొద్దు. 2026 జనవరిలో ఏడాది బీమా ప్రీమియంలు కోసుకుంటారు, డాయ్‌చ్‌లాండ్ టికెట్ (నెలవారీ బస్సు, రైలు పాసు) 58 నుంచి 63 యూరోలు అవుతుంది, క్రిస్మస్ అయ్యాక బేకరీ మీకు గంటలు తగ్గించవచ్చు. కనీస వేతనం మాత్రం 2026 జనవరి నుంచి 13.90 అవుతోంది, అది కొంత పూడుస్తుంది. అన్నింటికన్నా పెద్ద కారణం వేరే ఉంది. మీ తప్పు లేకుండా శిక్షణ మధ్యలో ఆగిపోతే, వేరే చోటు వెతుక్కోవడానికి ఆరు నెలల దాకా గడువు ఇస్తారు. గడువు ఇస్తారు గానీ అద్దె ఇవ్వరు కదా.

ఇక 2.5 లక్షలు మిగులుతాయి. ఇంట్లో బంగారం ఏమైనా ఉంటే, అమ్మా నాన్నలకి ఇష్టమైతే, దాన్ని బ్యాంకులో పెట్టి ఈ అప్పు మొత్తం తీర్చేయమనండి. ప్రభుత్వ బ్యాంకుల్లో బంగారు రుణం వడ్డీ మీరు కడుతున్నదానిలో సగం లోపే ఉంటుంది. 10 శాతానికి దొరికిందనుకుంటే నెలకు 5,000 కట్టేది 2,100 దగ్గరికి వస్తుంది, ఏడాదికి 35,000 మిగులు. ఈ బోనస్ కన్నా అదే ఎక్కువ, పైగా నాలుగు ఆదివారాలు చలిలో నిలబడక్కర్లేదు. మొదట్లో చెప్పిన అసలు విషయం ఇదే. బంగారం లేకపోతే బ్యాంకులో వేరే రుణం ఏదైనా దొరుకుతుందేమో నాన్నని కనుక్కోమనండి.

క్రిస్మస్ టికెట్ మాత్రం వదిలేయండి, ఏడాదిలో ఖరీదైన వారాలు అవే. ఇంటికి అసలు వెళ్లొద్దని కాదు. శిక్షణలో భాగంగా బడి ఉన్న వారాలు తప్పించి, ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో స్టాల్ బదులు వచ్చే నాలుగు రోజుల సెలవుకి మీ మామూలు సెలవు కలుపుకుని వెళ్లండి. జనవరి, ఫిబ్రవరిలో మిగిలే దాదాపు 500 టికెట్‌కి దాచుకోండి. ఆ రెండు నెలలు అప్పు వైపు ఏమీ పంపకపోయినా నేను తప్పు పట్టను.

500 యూరోలు పంపాక నాన్న ఆ డబ్బు చేతికిచ్చి ఊరుకోకూడదు. ప్రోనోటు వెనక తేదీ వేసి, అసలులో ఎంత జమ అయిందో చెల్లు రాయించుకోవాలి. ఆ పేజీ ఫొటో తీసి మీకు పంపమనండి. నోటుకి మూడేళ్లు నిండే ముందు కొత్తది రాయమని అప్పిచ్చిన ఆయన అడిగితే, దాని మీద వేసే అంకె మిగిలిన అసలేనా కాదా అని సంతకానికి ముందే మీరు సరిచూడండి.