ట్యూబ్‌లైటు కింద రంగు ఎంచుకోకు

బ్రాడీపేట, గుంటూరు

చిట్టితల్లికి పెద్దమ్మ దీవెనలు.

మోచేతి కింది కుట్ల మచ్చను పెళ్లిలోగా ఒంటి రంగు పచ్చబొట్టుతో కప్పించుకుంటానని ఫోనులో అన్నావు. స్కూటీ మీద నుంచి పడి ఆరు నెలలేగా అయింది? ఇంకా గులాబీ రంగులోనే ఉందని మీ అమ్మ చెప్పింది. అలాంటి మచ్చ మీద సూది పెట్టించకు. కనీసం ఏడాది గడవాలి. ఎరుపు పూర్తిగా పోయి, మచ్చ తెల్లబడి చదునుగా ఉండాలి. రోజుకో రంగులో ఉండే మచ్చకు ఏ రంగని కలుపుతారు చెప్పు? పెళ్లికి పొడుగు చేతుల జాకెట్టు కుట్టించుకో. అయినా అబ్బాయి వాళ్లు చూసిన మచ్చే కదా!

నా మణికట్టు మీద నూనె కాలిన మచ్చకు నేనూ మొదట తొందరపడ్డాను. పచ్చబొట్టు వేసే గదిలో ట్యూబ్‌లైటు కింద అచ్చం నా ఒంటి రంగే అనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చూసుకుంటే బూడిద పూసినట్టుంది. అందుకే రంగును పగటి వెలుతురులో, మచ్చ పక్కనున్న చర్మంతోనే పోల్చమని అడుగు. ముందు ఒక్క చుక్క వేయించుకుని నెలన్నర ఆగు. పక్కు రాలి, పుండు పూర్తిగా మానాకగానీ అసలు రంగు తెలియదు.

మీ విజయవాడ ఎండ సంగతి మరిచిపోకు. ఎండకు చర్మం నల్లబడుతుంది, లోపల వేసిన రంగు నల్లబడదు. మే నెలంతా బెంజి సర్కిల్ మీదుగా స్కూటీ నడిపావంటే చేయి కమిలి, మచ్చ మళ్లీ తెల్లగా తేలుతుంది. కమిలిన చేతికి సరిపోల్చి వేయిస్తే చలికాలానికి నల్లచార మిగులుతుంది. చేతి తొడుగులూ సన్‌స్క్రీనూ మానకు.

పచ్చబొట్టు రంగునే మారుస్తుంది, ఉబ్బిన మచ్చను చదును చేయదు. మీ అమ్మకు చెవి కుట్టిన చోట కాయలా పెరిగింది చూడు, దాన్ని కీలాయిడ్ అంటారు. ఆ తత్వం నీకూ ఉంటే సూది పోట్లకే కొత్త మచ్చ లేవవచ్చు. ముందు చర్మవైద్యులకు చూపించు. సూది ప్యాకెట్టు నీ కళ్ల ముందే విప్పాలి. ఒకరి సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్, హెచ్‌ఐవి అంటుకునే ప్రమాదం ఉంది, ఇక్కడ మొహమాటపడకు.

నచ్చకపోతే లేజర్‌తో తీయించేస్తానంటావేమో. చర్మపు రంగుల్లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లరంగు పొడి కలుపుతారు. లేజర్ తగిలితే అది నల్లబడవచ్చు. వేయించుకున్నదీ శాశ్వతం కాదు, కొన్నేళ్లకు వెలిసిపోతే మళ్లీ దిద్దించాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు మేడ మీద ఎండలో నా చేయి చూపిస్తాను. రెండోసారి వేయించిన చోటు ఏదో నువ్వే వెతుకు.

మీ పెద్దమ్మ